పటంలో మిగిలిన ఖాళీ

పెదకాకానిలో కోటిరత్నం టీచర్ని ఎరగని ఇల్లు లేదు. ఇరవై ఏళ్లుగా హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతోంది. గట్టి మనిషి, గట్టి గొంతు. వరండాలో నిలబడి ఒక్క కేక వేస్తే మైదానంలో కబడ్డీ ఆడే పిల్లలు కూత మధ్యలో ఆపేసి క్లాసులోకి పరిగెత్తేవాళ్లు. అలాంటి మనిషి రెండువేల మూడో సంవత్సరం ఎండాకాలం సెలవుల్లో కంప్యూటర్ ఆట ముందు కూర్చుని పొయ్యి మీద పప్పు మాడబెట్టిందంటే, ఆమె భర్త వెంకటనారాయణే మొదట నమ్మలేదు.

కంప్యూటర్ కొన్నది కూతురి కోసం. జ్యోతిర్మయి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. వస్తూ వస్తూ క్లాస్‌మేట్ శశిభూషణ్ దగ్గర రెండు సీడీల ఆట ఒకటి అడిగి తెచ్చుకుంది. దాని అసలు పేరు నోరు తిరగనంత పొడుగ్గా ఉండేది కాబట్టి ఇంట్లో దాన్ని కోటలాట అనేవాళ్లు. అందులో ఒక పెద్ద దేశం ఉంటుంది. కొండలు, నదులు, పాడుబడ్డ కోటలు, వాటి కింద సొరంగాలు. ఎటు పొమ్మని ఎవరూ చెప్పరు. కత్తి పట్టుకుని బయల్దేరిన మనిషిని మనం ఎటు నడిపిస్తే అటు పోతాడు. రాజుగారి పని చేసిపెట్టాలంటే చేయొచ్చు, లేదంటే నెల్లాళ్లు కొండల వెంట తిరగొచ్చు.

జ్యోతిర్మయికి తిరగడం మీద ధ్యాస లేదు. రాక్షసులు ఎక్కడుంటే అక్కడికి పోయి కొట్టడం, పెట్టెలు తెరిచి ఉన్నవి తీసుకోవడం, బయటికి రావడం. ఒక మధ్యాహ్నం ఆమె అలాగే ఒక కోట కింది పాతరలోకి దిగింది. కోటిరత్నం పక్కనే నేల మీద చాట ముందేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంది. తెర మీద ఒక చిరిగిన కాగితం వచ్చింది, అరక్షణంలో పోయింది.

"ఏయ్, ఆగవే! అదేందో రాసుంది."

"ఏదో ఉత్తరంలేమ్మా. ప్రతి గుహలోనూ ఉంటాయి. ఎవరు చదువుతారు?"

"ఎవరు చదువుతారా? ఎవరో పనిగట్టుకుని రాస్తే చదవకుండా విసిరేస్తావా? నీకు ఇంగ్లీషు నేర్పింది నేనే కదే! ముందు వెనక్కి తియ్."

జ్యోతిర్మయి విసుక్కుంటూ కాగితం మళ్లీ తెరిచింది. కోటిరత్నం కళ్లజోడు సర్దుకుని చదివింది. రాసినవాడి పేరు ఓరిన్. కోటలో ధాన్యం కొలిచే ఉద్యోగి. శత్రువులు కోట చుట్టూ విడిది చేసి యాభై రోజులయింది. గింజలు ఇంకో పది రోజులకు మించి రావు. సైనికులు విత్తనాల గది తాళంచెవి ఇమ్మని అడుగుతున్నారు. నేనివ్వను, అని రాసి అక్కడితో ఆపేశాడు.

"తర్వాత?" అంది కోటిరత్నం.

"తర్వాత ఏముంది? అంతే."

"అంతే ఎట్టా అవుద్దే? తాళం ఇచ్చాడా లేదా?"

కూతురు భుజాలు ఎగరేసింది. కోటిరత్నం ఉండబట్టలేక లేచి, చేతులైనా కడుక్కోకుండా మౌస్ పట్టుకుంది. ఆ తర్వాత దాన్ని ముట్టుకుని కన్ను నలుపుకున్న జ్యోతిర్మయి పెట్టిన కేకలకు పక్కింటివాళ్లు కూడా వచ్చారు. గంటసేపు మజ్జిగలో తడిపిన గుడ్డ కంటికి అద్దుకుని ఆ పిల్ల మంచమెక్కింది. ఖాళీ అయిన కుర్చీలో తల్లి కూర్చుంది.

మొదటిరోజు కోటిరత్నం ఎలకల చేతిలో ఆరుసార్లు చచ్చింది. కత్తి దూయడానికి ఒక మీట, దూకడానికి ఒక మీట. ఆమె కంగారులో దూకే మీటే నొక్కేది. ఎలకల మధ్య ఎగిరెగిరి చచ్చేది. రెండోరోజు ఎలకల్ని దాటింది. దాటాక దారి తప్పింది. నాలుగు మలుపులు తిరిగితే చాలు, అన్ని రాతిగోడలూ ఒకలాగే కనపడుతున్నాయి.

"టీచరమ్మా, మీరు ఇందాకటి గదికే వచ్చారు," అంది వెనక నుంచి ఒక గొంతు.

హుస్సేన్ సాహెబ్ ఆ వీధి చివర ఇంట్లో ఉంటాడు. సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి. రోజూ పన్నెండింటికి పేపర్ కోసం వచ్చి వరండాలో కూర్చుని చదివి వెళతాడు. ఆవేళ కిటికీలోంచి తెర కనపడింది. పేపర్ మడిచి లోపలికొచ్చి పావుగంట నుంచీ నిలబడి చూస్తున్నాడు.

"మీకెట్టా తెలిసింది సాహెబు గారూ?"

"మీరు కుడికి మూడుసార్లు, ఎడమకి ఒకసారి తిరిగారు. కొలత లేకుండా పొలంలోకి దిగితే గట్లన్నీ ఒకటే అనిపిస్తాయమ్మా. కాగితం ఉందా?"

పెళ్లిపత్రిక వెనక ఆయన గబగబా నాలుగు గీతలు గీశాడు. మర్నాడు తనే గ్రాఫ్ కాగితాల కట్ట, చెక్కిన పెన్సిళ్లు, స్కేలు పట్టుకొచ్చాడు. ఆటలోని మనిషి నడిస్తే రాళ్ల మీద బూట్ల చప్పుడు అవుతుంది. సాహెబు ఆ చప్పుడు లెక్కపెట్టేవాడు. "ఇరవై ఒకటి. ఆగండి. ఇప్పుడు ఎడమ గోడ వెంట తీసుకెళ్లండి. పరిగెత్తించకండి, అడుగు మారిపోద్ది." రెండడుగులకు ఒక గడి. అలా వంటగది, ఆయుధాల గది, సైనికులు పడుకునే పొడుగాటి సాల, బావి ఉన్న గది, ఒక్కొక్కటే కాగితం మీదికి ఎక్కాయి. కోటిరత్నం కనపడిన ప్రతి కాగితమూ చదివి తన నోటుపుస్తకంలో రాసుకుంది.

అటుగా వచ్చిన జ్యోతిర్మయి వీళ్ల వాలకం చూసి నవ్వింది. "అమ్మా, ఆ పాతరలో తుప్పుపట్టిన కత్తి తప్ప ఏమీ లేదు. శశి రెండుసార్లు చూశాడట. గుంటూరులో నెట్ సెంటర్‌కి పోయి కూడా వెతికాడు. అక్కడా ఖాళీ అనే రాశారంట."

"రాసినవాళ్లు కొలిచారా?" అన్నాడు హుస్సేన్ సాహెబ్ తలెత్తకుండా.

"కొలవడం ఏంటి తాతా?"

ఆయన కాగితం ఆమె వైపు తిప్పాడు. పెన్సిలు మొనతో ఒకచోట తట్టాడు. పడమట వంటగది, ఉత్తరాన సాల, దక్షిణాన ఆయుధాల గది, తూర్పున బావి. నాలుగింటి మధ్యా పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఖాళీ. అందులోకి ఎటు నుంచీ గుమ్మం లేదు.

"గోడ మందమేమో," అంది జ్యోతిర్మయి.

"మిగతా గోడలన్నీ అడుగున్నర మందం. ఇదొక్కటే ఎనిమిదడుగులా? ఏ మేస్త్రీ కడతాడమ్మా?"

జ్యోతిర్మయి కాగితం చేతిలోకి తీసుకుంది. కాసేపు దాన్ని చూసింది, కాసేపు తెర వంక చూసింది. నవ్వు ఆగిపోయింది. కుర్చీ లాక్కుని తల్లి పక్కన కూర్చుంది.

"వంటగది గోడ దగ్గరికి తీసుకెళ్లమ్మా. ఇంకా దగ్గరికి. అదిగో! ఆ గోడ మీద మసి చూడు. పొయ్యి అవతలి పక్కనుంటే మసి ఇటెందుకు పట్టింది?"

పక్కనున్న రాళ్లకు మధ్య సందులు కనపడుతున్నాయి. ఆ ఒక్కచోట మాత్రం సందులు లేకుండా మెత్తేసి ఉంది. ఎవరో గుమ్మం మూసి, పైన పూత పూసి, కొత్తదని తెలియకుండా మసి రాశారు. ముగ్గురికీ ఒక్కసారే అర్థమైంది. కోటిరత్నం కుర్చీలోంచి లేచింది. "మూసేశాడే! తాళం అడిగితే గదినే మాయం చేశాడు!"

కత్తితో కొట్టి చూశారు, పగల్లేదు. శశి దగ్గర నేర్చిన మంటల మంత్రం జ్యోతిర్మయి ప్రయోగించింది, గోడ చలించలేదు. ఇల్లంతా వెతికినట్టు పాతరంతా వెతికారు. దీపపుగూళ్లు నొక్కారు, గొలుసులు లాగారు, పీపాలు పక్కకి నెట్టారు. రెండు రోజులు గడిచాయి. మూడోరోజు వేట సాగుతుండగా సాల మూలలోంచి రాతి కావలివాడు లేచి మీద పడ్డాడు. కోటిరత్నం "అమ్మో" అని మౌస్ వదిలేసింది. జ్యోతిర్మయి ఒక్క గెంతులో అందుకుని అటూ ఇటూ తప్పుకుంటూ వాణ్ణి తుక్కుతుక్కు చేసింది. వాడు పడ్డచోట, ఇంతకుముందు వాడి కాళ్ల కింద ఉన్న పరుపు దగ్గర, ఇంకో కాగితం బయటపడింది.

ఈసారి జ్యోతిర్మయే అంది, "చదువమ్మా. తొందరగా!"

అది ఓరిన్ రాసింది కాదు. ఒక సైనికుడు భార్యకు రాసిన ఉత్తరం. ఆకలి గురించి, పిల్లల గురించి రాశాడు. చివర్లో కోపంగా రెండు మాటలున్నాయి. కోటిరత్నం క్లాసులో పాఠం చెప్పినట్టు బయటికే తెలుగులో చెప్పింది. "ఆ ధాన్యంవాడు ఎక్కడో ఏదో దాచాడు. ఎంత కొట్టినా చెప్పడు. రోజూ రాత్రి చలిలో వణుకుతూ, కాళ్ల వెంట నీళ్లు కారుతూ వచ్చి పడుకుంటాడు. పిచ్చివాడయ్యాడని అందరూ అంటున్నారు."

కోటిరత్నం ఆ చివరి మాటలు మళ్లీ చదివింది. కాళ్ల వెంట నీళ్లు. చలి. పాతరలో నీళ్లెక్కడున్నాయి?

"బావి!" అంది.

"బావి!" అంది జ్యోతిర్మయి అదే క్షణంలో.

హుస్సేన్ సాహెబ్ అప్పటికే పటం మీద బావిగది పడమటి గోడను పెన్సిలుతో దిద్దుతున్నాడు. ఆ గోడకు అవతలున్నది ఖాళీయే. "దూకండి టీచరమ్మా," అన్నాడు.

బావిలో నీళ్లు నల్లగా ఉన్నాయి. ఎన్నోసార్లు పక్కనుంచి నడిచిపోయారు, ఒక్కసారీ తొంగి చూడలేదు. కోటిరత్నం ఊపిరి బిగబట్టి, ఈసారి కావాలనే, దూకే మీట నొక్కింది. తెరంతా ముదురు ఆకుపచ్చగా మారింది. కింద ఒక నీలం గీత వచ్చి తగ్గడం మొదలైంది. అది ఊపిరి. "కిందికి, కిందికి! పడమటి వైపు తిప్పు!" రాళ్లు, నాచు, ఇంకా రాళ్లు. గీత సగమైంది. "అమ్మా, అదేంటి, నల్లగా? ఆ మూల!" నిజంగానే రాళ్ల మధ్య నల్లటి మచ్చ ఒకటి కనపడింది, మనిషి పట్టేంత.

కరెంటు పోయింది.

తెర చుక్కలా ముడుచుకుని ఆరిపోయింది. ఫ్యాను నెమ్మదించింది. ముగ్గురూ అరిచిన అరుపుకి పెరట్లో గేదె తాడు తెంపుకున్నంత పని చేసింది.

"సేవ్ చేశావా?" అంది కోటిరత్నం.

"నువ్వు కదా ఆడుతున్నావు!"

"నాకెట్టా తెలుస్తుందే సేవులూ గీవులూ!"

"కావలివాడికి ముందు నేను చేశాను. ఉత్తరం పోయినా పర్లేదులే, అందులో ఏముందో మనకి తెలుసు కదా."

ఆ వేసవిలో కరెంటు పోయిందంటే ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ముగ్గురూ వరండాలోకి వచ్చి తడిపిన తుంగచాప కట్టిన వైపు కూర్చున్నారు. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. ఎవరికీ కుదురు లేదు. అది రంధ్రమా, నీడా అని వాదన. నీడేనని కోటిరత్నం భయం, రంధ్రమేనని జ్యోతిర్మయి పట్టు.

"కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు," అన్నాడు హుస్సేన్ సాహెబ్ విసనకర్ర ఊపుకుంటూ, "కనిగిరి అవతల ఒక పాత రాతికట్టడం కొలిచాం. బయట కొలతకీ లోపలి కొలతకీ ఏడడుగులు తేడా వచ్చింది. మూడుసార్లు కొలత గొలుసు లాగాను, మూడుసార్లూ అంతే. పైఆఫీసరుకి చెబితే, నీకు గొలుసు పట్టుకోవడం రాదన్నాడు. కుర్రవాణ్ణి, నోరు మూసుకుని ఆయన చెప్పిన అంకె వేశాను. ముప్ఫై ఎనిమిదేళ్లయింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ నిద్రలో ఆ గోడ కనపడుద్ది."

"మళ్లీ వెళ్లి చూడలేదా తాతా?"

"ఎందుకు చూడలేదు? రిటైరయ్యాక పోయాను. రాళ్లు ఎవరో తోలుకుపోయారు. చదునైన నేల ఉంది, అంతే." ఆయన నవ్వాడు. "అందుకేనమ్మా, పన్నెండడుగుల ఖాళీ కనపడితే నేను ఊరుకోలేను."

నాలుగున్నరకు ఫ్యాను కదిలింది. ముగ్గురూ గుమ్మంలో ఒకరినొకరు తోసుకుంటూ లోపలికి పడ్డారు.

జ్యోతిర్మయి మళ్లీ కావలివాణ్ణి కొట్టింది. మళ్లీ సేవ్ చేసింది, ఈసారి రెండు చోట్ల. "నువ్వే దూకమ్మా," అని కుర్చీ తల్లికిచ్చింది. కోటిరత్నం దూకింది. నల్లమచ్చ దగ్గరికి వెళ్లింది. అది రంధ్రమే! లోపలికి దూరింది. ఇరుకు దారి, చిమ్మచీకటి. తల రాతికి తగిలింది, ఎటు పోవాలో తెలియలేదు, నీలం గీత అయిపోయింది. మునిగి చచ్చింది.

"మళ్లీ."

రెండోసారి సాహెబు వెనక నుంచి అడుగులు చెప్పాడు. "తిన్నగా నాలుగు. ఇప్పుడు పైకి. పైకమ్మా, పైకి!" గీత వెంట్రుకంత మిగిలింది. జ్యోతిర్మయి తల్లి భుజం గట్టిగా పట్టుకుంది. నీళ్లు చీలాయి. ఆటలోని మనిషి పెద్దగా ఊపిరి పీల్చుకున్నాడు. వాడితోపాటే ముగ్గురూ పీల్చుకున్నారు.

చిన్న గది. పన్నెండడుగులు, ఎనిమిదడుగులు. దివిటీ వెలుగులో గోడ వెంట బారుగా మట్టికుండలు కనపడ్డాయి, మూతులకు మైనం పూసినవి. వాటి ముందు ఒక అస్థిపంజరం గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. ఒళ్లో కొలత గిన్నె. పక్కనే చివరి కాగితం.

కోటిరత్నం కళ్లజోడు తీసి కూతురికి చోటిచ్చింది. జ్యోతిర్మయి చదివింది. అందరూ పోయారు, పైన చప్పుడు లేదు. ఈదడానికి కాదు, గుమ్మం గడియ లాగడానికి కూడా ఇక ఒంట్లో శక్తి లేదు. రోజూ మూతలు చూసుకుంటున్నాను, ఎలక తగల్లేదు. ఎవరైనా వస్తే ఇవి తొలకరికి చల్లుకోండి. అంతే రాసుంది.

బాకాలు మోగలేదు. శభాష్ అని తెర మీద ఏమీ రాలేదు. నీళ్ల చుక్కలు రాలే చప్పుడొకటే వినపడుతోంది.

"తినలేదే," అంది కోటిరత్నం. "అన్ని కుండలు పక్కన పెట్టుకుని, ఒక్క గింజ తినలేదు."

అప్పుడే వెంకటనారాయణ వేసవి దుక్కి చూసుకుని చేలో నుంచి వచ్చాడు. మంచినీళ్లడిగితే ఎవరూ పలకలేదు. తనే ముంచుకుని తాగి, చెంబుతో లోపలికొచ్చి చూశాడు. పెళ్లాం కళ్లు తుడుచుకుంటోంది, కూతురు ఎగురుతోంది, సాహెబు గారు పటం మీద వంగి ఏదో రాస్తున్నారు.

"ఏంది? ఎవరికేమైంది?"

కూతురు ఊపిరి తిప్పుకోకుండా మొత్తం చెప్పింది. మసి గోడ, తడికాళ్లు, బావి, గది. వెంకటనారాయణ చెంబు కింద పెట్టి తెర దగ్గరికి వంగి ఆ ఎముకల మనిషిని చాలాసేపు చూశాడు. ఒకసారి నకిలీ విత్తనాలతో రెండెకరాల పత్తి పోగొట్టుకున్న రైతు ఆయన.

"ఆకలికి చచ్చాడు గానీ విత్తనం ముట్టలేదా," అన్నాడు. "మొగాడయ్యా! ఇంతకీ అవి ఏం గింజలు?"

ఎవరూ చూడలేదు. జ్యోతిర్మయి ఒక కుండ తెరిచింది. విత్తనాలు అనే రాసుంది, విలువ సున్నా. "ఎవరూ కొనరు నాన్నా. ఆటలో వీటితో పనేమీ లేదేమో."

"అమ్ముకోవడానికా వాడు దాచింది? ఒక గుప్పెడు తీసుకో. మిగతావి ఆయన దగ్గరే ఉండనీ."

కోటిరత్నం ఒక గుప్పెడు తీసుకుంది. లోపలి నుంచి మూసిన గుమ్మానికి చిన్న గడియ ఉంది. అది లాగితే మసి పట్టిన పూత పెళ్లలు పెళ్లలుగా రాలి, వంటగది ఎదురుగా కనపడింది. మళ్లీ నీళ్లలో దిగే పనిలేకుండా తిన్నగా నడిచి, ఎలకల్ని దాటి, మెట్లెక్కి పైకొచ్చింది. బయట ఆటలో తెల్లవారుతోంది. కొండ కింద పొలాలు, అవతల నది.

ఆ సాయంత్రం జ్యోతిర్మయి శశిభూషణ్‌కి ఫోన్ చేసింది. "ఒరేయ్ శశీ, ఆ పాతర ఖాళీ కాదురా! నీ నెట్ సెంటర్‌ది తప్పు! ఏముందో చెప్పనా?" తల్లి ఎదురుగా నిలబడి వద్దు వద్దని చెయ్యూపింది. జ్యోతిర్మయి నాలుక కరుచుకుంది. "చెప్పను పో. ఉత్తరాలు చదువు." అవతల వాడు బతిమాలుతుంటే నవ్వుతూ పెట్టేసింది. మూడోరోజు వాడు తిరిగి ఫోన్ చేసి, హలో అనకుండా "బావి!" అని అరిచాడు.

సెలవులు ముగిసేలోపు వాళ్లు ఇంకో ఎనిమిది గుహలు కొలిచారు. మూడింట్లో నిజంగానే ఏమీ లేదు. ఒకదాంట్లో నేల కుంగి అందరూ అరిచారు. వెంకటనారాయణ కూడా వీలున్న పూట మంచం పట్టె మీద కూర్చుని, తనకి ఆట సంగతి ఏమీ పట్టదన్నట్టు మొహం పెట్టి, "ఆ ఎడమ దారి చూశారా?" అని అడిగేవాడు. కాలేజీకి వెళ్లే ముందురోజు జ్యోతిర్మయి ఉత్తరాన మంచుకొండల్లో ఒక ఇనుప తలుపు కనిపెట్టింది. దాని మీద చెక్కిన అక్షరాలు ఏ భాషవో తెలియలేదు. వాటిని ఉన్నవున్నట్టు కాగితం మీద దింపుకుని తల్లి చేతిలో పెట్టింది.

"నేనొచ్చేలోపు తెరిచేవు! దసరాకి వస్తా. అప్పటిదాకా చదవడం వరకే, లోపలికి పోకూడదు."

"చూద్దాం," అంది కోటిరత్నం, అప్పటికే కళ్లజోడు పెట్టుకుంటూ.